సందు చుక్కల బొంత

కోయంబత్తూరు, మదురైల్లో తరాలుగా స్థిరపడిన తెలుగువాళ్లలో చాలామందికి మన అక్షరాలు రావు. బడి చదువు తమిళంలో సాగింది. ముగ్గు మాత్రం చేతిలోనే ఉంది. నడుమ వరసలో 7 చుక్కలు పెట్టి, పైకీ కిందికీ సందు చుక్కలుగా 4 దాకా తగ్గించుకుంటూ పోతే మొత్తం 37. నడిమి చుక్క చుట్టూ 6, వాటి చుట్టూ 12, ఆపైన 18. ఆరు పలకల గుడ్డముక్కలను చేత్తో కుట్టి దుప్పటి చేసేవాళ్ల లెక్కా ఇదే. ఈ పని కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు వాకిటి ముగ్గును మించిన నమూనా లేదని నా నమ్మకం.

కుట్టే పద్ధతి మాత్రం సీమది. కాగితం మీద గుడ్డ మడిచి అతికిన 1718 నాటి పట్టు దుప్పటి ఇంగ్లండులో ఇప్పటికీ భద్రంగా ఉంది. 1835లో అమెరికా పత్రిక ‘గోడీస్ లేడీస్ బుక్’ ఆరు పలకల నమూనాను అచ్చువేసింది. కొన్ని పాత దుప్పట్లలో కాగితాలు తీయకుండా వదిలేశారు. ఉత్తరాలు, పద్దుల చీటీలు! వాటి మీది తేదీలను బట్టి ఆ కుట్టు ఏనాటిదో అంచనా వేస్తారు.

మన బొంతకు పాత చీరలు పొరలుగా పరిచి బారు కుట్లు వేస్తాం, చిరిగినచోట మాసిక వేస్తాం. ఇక్కడ అంచుకు అంచు కలవాలి. ఒక్కో వైపు 1 అంగుళం ఉండేలా పాత పెళ్లిపత్రికను ఆరు పలకలుగా కత్తిరించండి. గుడ్డను చుట్టూ పావు అంగుళం ఎక్కువగా కోసి, కాగితం మీదికి మడిచి కచ్చాకుట్టు వేయండి. రెండు ముక్కల మంచివైపులు ఎదురెదురుగా పట్టుకుని, అంచున రెండు మూడు పోగులే అందేలా సూదిని చుట్టి తెస్తూ దగ్గర దగ్గరగా కుట్టాలి. సూది కాగితానికి తగిలితే వేలికి తెలిసిపోతుంది, కాస్త పైకి జరపాలి. ఆరు వైపులా జత కుదిరాకే ఆ ముక్కలోని కాగితం లాగేయాలి.

గుడ్డకు ఆ ఊళ్లలో కరువేముంది? 1888లోనే నూలు మిల్లు చూసిన కోయంబత్తూరులో 1910లో జి. కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్స్ పెట్టారు. మదురైలో సుంగుడి గుడ్డ ఉంది. అది తెలుగు నాయకరాజులు ఏలిన ఊళ్లో సౌరాష్ట్రుల పనితనం. 2005లో భౌగోళిక గుర్తింపు పొందింది. అసలు సుంగుడిలో ఒక్కో చుక్కా చేత్తో ముడివేసి రంగులో ముంచితే వచ్చినదే. ఆ చుక్క సరిగ్గా ముక్క నడుమ పడేలా కోసి చూడండి, ముగ్గే గుడ్డ మీదికి దిగివస్తుంది. నాకు ఇందులో అన్నిటికన్నా ఇష్టమైన పని అదే. ముందుగా విడిగా తడిపి ఆరేయడం మరవద్దు, రంగు దిగుతుంది.

పాత చీరైతే వెలుతురుకు ఎత్తి చూసి, పలచబడిన చోటు వదిలేయండి. లోపలికి దోపుకునే చెంగు తక్కువ అరుగుతుంది, అది వాడుకోవచ్చు.

మొదటే మంచానికి సరిపడా దుప్పటి పెట్టుకోకండి. 37 ముక్కలు కలిపితే 12 అంగుళాల వెడల్పు వస్తుంది, చిన్న దిండు ముందువైపుకు అది చాలు. వెనక మెత్తబడిన పంచె పరిచి, రెండు పొరలూ కలిసేలా అమ్మమ్మల బారు కుట్టే వేయండి.