సగమే గీకిన తీగ

ఏమర్రా పిల్లలూ, స్కూల్లో సైన్స్ ఫెయిర్ తేదీ చెప్పేశారా? అయితే ఈపాటికి మీ నాన్నల్ని బజారుకు తోలే ఉంటారు. థర్మాకోల్ షీట్లు, ఫెవికాల్, స్కెచ్ పెన్నులు, ఇవన్నీ చాలనట్టు వెయ్యి రూపాయలు పోసి ఓ రెడీమేడ్ కిట్టు. రాత్రికి రాత్రి నాన్న వైర్లు కలుపుతాడు, అమ్మ రంగు కాగితాలు అతికిస్తుంది, మీరు ఇంగ్లీషులో నాలుగు ముక్కలు బట్టీ పడతారు. జడ్జిగారు వచ్చి "ఇది ఎందుకు తిరుగుతోందమ్మా?" అంటే "కరెంటు వల్ల సార్" అని ఊరుకుంటారు. కరెంటు వల్లే ఇస్త్రీపెట్టె కూడా పనిచేస్తుంది, మరి అదెందుకు తిరగదూ?

ఈసారి కిట్టు జోలికి పోకండి. యాభై రూపాయల్లో అయిపోయే మోటారు ఒకటి చెబుతాను. టార్చిలైట్లో వేసే లావుపాటి సెల్లు ఒకటి, పెద్ద పిన్నీసులు రెండు, పాత సైకిల్ ట్యూబులోంచి కోసిన రబ్బరు ముక్క, పాడైపోయిన స్పీకర్లోంచి ఊడదీసిన అయస్కాంతం, మీటరు పొడవు రాగి తీగ. తీగ కోసం ఆన్‌లైన్లో ఆర్డర్ పెట్టనక్కర్లేదు. మీ మండలంలో మోటార్ వైండింగ్ షాపు ఉంటుందిగా, అక్కడ "బాబాయ్, మిగిలిన తీగ ముక్క ఉంటే ఇస్తావా?" అని అడగండి. ఊరికే ఇస్తాడు.

తీగను సెల్లు చుట్టూ ఎనిమిది చుట్లు తిప్పి మెల్లగా బయటకు లాగండి. గుండ్రటి కాయిల్ వస్తుంది. రెండు కొసల్నీ కాయిల్‌కు చెరో వైపు ఒకే గీతలో ఉండేలా, రెండేసి అంగుళాలు బయటకు వదలండి. పిన్నీసులు రెంటినీ సెల్లుకు అటూ ఇటూ రబ్బరుతో బిగించి నిలబెడితే, పైన ఉండే కన్నాల్లో ఈ కొసలు కూర్చుంటాయి. అయస్కాంతం సెల్లు మీద, సరిగ్గా కాయిల్ కింద ఉండాలి. ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. అసలు పని ఇప్పుడే మొదలు.

ఆ రాగి తీగ చూడ్డానికి ఒట్టి రాగిలాగే మెరుస్తుంది కానీ దాని మీద సన్నని ఎనామిల్ పూత ఉంటుంది. పూత ఉన్నంతవరకూ కరెంటు లోపలికి పోదు. కాబట్టి కొసల దగ్గర బ్లేడుతోనో ఉప్పు కాగితంతోనో గీకాలి. ఒక కొసను చుట్టూతా గీకెయ్యండి. రెండో కొసను మాత్రం సగమే గీకాలి, ఒక పక్కే. ఎలాగంటే, కాయిల్‌ను బల్ల అంచున చక్రంలా నిలబెట్టి పట్టుకుని, ఆ కొసను బల్ల మీద ఆనించి, పైకి కనిపించే పక్కను మాత్రమే గీకాలి. కింది పక్క పూత అలాగే ఉండాలి.

మా మనవరాలు ఇక్కడే పట్టుకుంది. "తాతయ్యా, సగమెందుకు? మొత్తం గీకేస్తే కరెంటు ఇంకా బాగా పోతుంది కదా!"

పోతుంది తల్లీ, అదే చిక్కు. తీగలో కరెంటు పారితే దాని చుట్టూ అయస్కాంత బలం పుడుతుందని 1820లో డెన్మార్క్‌లో ఓర్‌స్టెడ్ కనిపెట్టాడు. ఆ మరుసటి ఏడాదే లండన్‌లో ఫారడే, అదే పద్నాలుగో ఏట పుస్తకాల బైండింగ్ పనిలో చేరిన కుర్రాడు, కరెంటు పారే తీగ అయస్కాంతం చుట్టూ గిరగిరా తిరిగేలా చేసి చూపించాడు. మన కాయిల్‌కూ కింద ఉన్న అయస్కాంతం నుంచి అలాంటి తోపే తగులుతుంది. కానీ కాయిల్ అరచుట్టు తిరగ్గానే దాని పై పక్క కిందికి, కింది పక్క పైకి వస్తాయి. కరెంటు అదే దారిన పారుతూంటే ఇప్పుడు తోపు ఎదురు దిక్కున పడుతుంది. ముందుకు తోసిన చెయ్యే వెనక్కి లాగుతుందన్నమాట. కాయిల్ కాసేపు గిజగిజలాడి ఆగిపోతుంది.

ఉయ్యాల ఊపేవాళ్ళను చూడండి. ఉయ్యాల ముందుకు పోయేటప్పుడు తోస్తారు, వెనక్కి వచ్చేటప్పుడు చెయ్యి తీసేస్తారు. సగం గీకిన కొస చేసేదీ అంతే. తోపు మంచి దిక్కులో ఉన్నంతసేపు గీకిన పక్క పిన్నీసుకు తగిలి కరెంటు పోతుంది. దిక్కు తప్పే సమయానికి పూత ఉన్న పక్క వచ్చి కరెంటు ఆగుతుంది. ఆ అరచుట్టూ కాయిల్ తన ఊపు మీద తనే తిరిగేస్తుంది.

కాయిల్‌ను నిలబెట్టి గీకమన్నది కూడా ఇందుకే. బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి గీకారనుకోండి, కరెంటు పారే సమయం సగం ముందు తోపులో, సగం ఎదురు తోపులో పడుతుంది. ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇద్దరు పిల్లలు ఒకే సామాను తెచ్చి, ఒకేలా చుట్టి, ఒకడిది తిరిగి ఇంకొకడిది తిరగలేదంటే నూటికి తొంభై పాళ్ళు తప్పు ఇక్కడే ఉంటుంది. ఇంకో తమాషా కూడా చెప్పాలి. ఒక్కోసారి మొత్తం గీకిన కాయిల్ కూడా తిరిగేస్తుంది! అది పిన్నీసు కన్నంలో ఎగిరెగిరి పడుతూ, కాంటాక్ట్ తెగుతూ కలుస్తూ ఉండటం వల్ల. అలాంటిది కనిపిస్తే "తాతయ్య చెప్పింది అబద్ధం" అని కొట్టిపారెయ్యకుండా, ఎక్కడ ఎగురుతోందో కళ్ళు దగ్గర పెట్టి చూడండి.

ఒక్క జాగ్రత్త. కాయిల్ ఆగిపోయినప్పుడు అలాగే వదిలెయ్యకండి. మీటరు రాగి తీగ కరెంటును దాదాపు అడ్డుకోదు. సెల్లూ తీగా రెండూ వేడెక్కి ముట్టుకుంటే చురుక్కుమంటాయి. ప్రయోగం అయ్యాక కాయిల్ తీసి పక్కన పెట్టండి. గోడ ప్లగ్గుకు కలిపి చూద్దామన్న ఆలోచన కలలో కూడా రానివ్వకండి.

తిరిగిందా? ఇప్పుడు అయస్కాంతాన్ని బోర్లించండి. తిరిగే దిక్కు మారుతుంది. దాన్ని అలాగే ఉంచి సెల్లునూ తిప్పి పెట్టండి. ఏమవుతుందో నేను చెప్పను, ముందు మీరు ఊహించి నోటుబుక్కులో రాసి తర్వాత చూడండి. కాయిల్ అంచుకు ఒక చోట అమ్మ గోళ్ళ రంగు చుక్క పెట్టి, ఫోన్లో స్లో మోషన్ వీడియో తియ్యండి. ఫోను సెకనుకు 240 ఫ్రేములు తీసేదైతే, చుక్క మళ్ళీ అదే చోటికి రావడానికి 24 ఫ్రేములు పట్టిందంటే సెకనుకు పది చుట్లు, నిమిషానికి 600. కాయిల్‌లో తీగ చుట్లు పెంచితే వేగం పెరుగుతుందా, బరువెక్కి తగ్గుతుందా? ఇదీ ప్రాజెక్టు అంటే. థర్మాకోల్‌కు రంగులెయ్యడం కాదు.

ఆ సగం గీకుడు చిన్నపిల్లల కిటుకు అనుకునేరు. మీ ఇంట్లో మిక్సీ మోటారులో రాగి పలకల కమ్యుటేటర్, దాన్ని ఒరుసుకుంటూ రెండు కార్బన్ బ్రష్‌లు ఉంటాయి. అవి ఒక మెట్టు పైపని చేస్తాయి. కరెంటును ఆపడమే కాదు, సరిగ్గా సమయానికి దాని దిక్కు మార్చేస్తాయి. అందుకే మన కాయిల్ తోపు లేకుండా తిరిగే అరచుట్టులో కూడా మిక్సీ మోటారుకు తోపు తగులుతుంది. పాత మిక్సీలో సన్నగా నిప్పురవ్వలు కనిపించేదీ ఆ బ్రష్‌ల దగ్గరే. ఈమధ్య వస్తున్న బీఎల్‌డీసీ సీలింగ్ ఫ్యాన్లలో బ్రష్‌లే లేవు, ఎప్పుడు కరెంటు దిక్కు మార్చాలో చిన్న ఎలక్ట్రానిక్ సర్క్యూటు చూసుకుంటుంది. మామూలు ఫ్యాను 70, 75 వాట్లు తాగే చోట ఇది 30 వాట్ల చుట్టుపక్కల సరిపెట్టుకుంటుంది.

చేతికందిన వస్తువులతో సైన్సు చెప్పడమన్నది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. మధ్యప్రదేశ్‌లో 1972లో హోషంగాబాద్ సైన్స్ బోధన కార్యక్రమం మొదలైంది. పల్లెటూరి బడి పిల్లలు పుస్తకం వల్లె వెయ్యకుండా చేసి నేర్చుకోవాలన్నది దాని పట్టుదల. ఐఐటీ కాన్పూర్‌లో చదివి పుణెలో టెల్కో అనే లారీల కంపెనీలో ఉద్యోగం చేస్తున్న అరవింద్ గుప్తా గారు అక్కడికి వెళ్ళి, సంతలో దొరికే సైకిల్ వాల్వు ట్యూబు ముక్కల్లో అగ్గిపుల్లలు దూర్చి ఘనాలు, పిరమిడ్లు కట్టించారు. ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆ కార్యక్రమాన్ని మాత్రం 2002లో అక్కడి ప్రభుత్వం మూసేసింది. నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం అది.

ఇప్పుడు డబ్బుకు కొదవలేదు. నీతి ఆయోగ్ 2016 నుంచి అటల్ టింకరింగ్ ల్యాబులు పెడుతోంది. ఒక్కో స్కూలుకు 20 లక్షల దాకా గ్రాంటు. 3డీ ప్రింటర్లు, సెన్సార్లు, ప్రోగ్రామ్ రాసి నడిపే ఆర్డ్వినో బోర్డులు వస్తున్నాయి. మంచిదే, ఆ బోర్డు మీద చెయ్యి తిరిగిన పిల్లలు ఎక్కడికైనా పోతారు. కానీ తాళం వేసి, పై అధికారులు వచ్చిన రోజే తెరిచే ల్యాబు కంటే పిన్నీసుల మోటారు నయం. వస్తువు పాడవుతుందని భయపడేవాళ్ళు టెక్నాలజీ నేర్పలేరు. ఇంకో సంగతి, ఒక తీగను ఏ పక్క గీకాలో ఆలోచించి గీకినవాడికి బోర్డులో ఏ పిన్నుకు ఎప్పుడు కరెంటు పంపాలో తొందరగా తలకెక్కుతుంది. ఎప్పుడు ఇవ్వాలి, ఎప్పుడు ఆపాలి, అక్కడా ఇక్కడా ప్రశ్న ఒకటే.

టీచర్లకు ఒక మాట. 2020 జాతీయ విద్యా విధానంలో 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా, ఊళ్ళో పనివాళ్ళ దగ్గర నేర్చుకొమ్మని ఉంది. అందులో ఒక రోజు పిల్లల్ని మోటార్ వైండింగ్ షాపుకు తీసుకెళ్ళండి. వోల్టేజీ పడిపోతే పంపు మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది, ఎనామిల్ పూత మాడుతుంది, తీగకు తీగ తగిలి షార్టవుతుంది. ఆ కాలిన కాయిల్ను ఊడదీసి, చుట్లు లెక్కపెట్టి, అదే సైజు తీగతో మళ్ళీ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టే మనిషి అక్కడ కూర్చుని ఉంటాడు. ఆయన పాఠం చెబితే మీరు పక్కన నిలబడి వినండి. వెళ్ళేముందు ఒక రోజు ఆయన్ను అడిగి, కరెంటు తీసేసి మోటారు విప్పుకునే వేళ చూసుకోండి. మిషన్లు తిరుగుతున్నప్పుడు పిల్లల్ని లోపలికి పంపకండి.