పడవల వంతెన మీద ఢిల్లీ

1866 దాకా ఢిల్లీ దగ్గర యమున మీద పక్కా వంతెన లేదు. అప్పటిదాకా జనాన్ని దాటించింది పడవల వంతెన. ఎర్రకోటకు ఉత్తరంగా సలీంగఢ్ పక్కన, కలకత్తా దర్వాజా ఎదురుగా, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు వరసగా పడవలు కట్టి ఉండేవి. అవతలి ఒడ్డున షాహ్‌దరా, పట్పర్‌గంజ్ ధాన్యపు బజార్లు. వాటిని దాటితే మీరట్ బాట, అలీగఢ్ బాట, గంగా యమునల నడుమ దోఆబ్ పొలాలు. ఇప్పటి వైశాలి, కౌశాంబి, ఇందిరాపురం ఉన్న చోటంతా అప్పుడు ఆ పొలాల్లో భాగమే.

పడవల వంతెన కట్టడం చెప్పినంత తేలిక కాదు. వెడల్పాటి పడవలను ముక్కులు ప్రవాహానికి ఎదురుగా ఉండేట్టు పక్కపక్కన నిలిపి, లంగర్లు దించి, లావాటి మోకులతో బిగిస్తారు. పడవ నుంచి పడవకు దూలాలు వేస్తారు. దూలాల మీద పలకలు పరిచి, వాటి మీద ఎడ్ల కాళ్ళు జారకుండా గడ్డీ మట్టీ చల్లుతారు. వచ్చే బండికీ పోయే బండికీ ఒకటే దారి. కనుక ఒడ్డున ఆగడమూ, వాదులాడుకోవడమూ ప్రయాణంలో భాగం. సరుకు పడవలు కిందికి పోవాలంటే మధ్యలో రెండు మూడు పడవలను విప్పి సందు ఇవ్వాలి. సుంకం వసూలుకు ఒక చౌకీ ఉండేది. వరద ముంచుకొస్తే మొత్తం వంతెనను విప్పి ఒడ్డున కట్టేయాలి. నీరు తీసేదాకా దాటేవాళ్ళకు పడవ ఒక్కటే గతి.

దీన్ని తాత్కాలికపు ఏర్పాటుగా తీసిపారేయడం సరికాదు. యమున ఢిల్లీ దగ్గర ఇసుక మీద పారుతుంది. ఏటా పాయ మార్చుకుంటుంది. ఎండాకాలంలో సన్నబడి, భాద్రపదంలో మైళ్ళ వెడల్పున పరుచుకుంటుంది. నీటితో పాటు లేచి, నీటితో పాటు దిగి, పాయ జరిగితే తానూ జరిగే వంతెన అలాంటి నదికి బాగా ఒదిగిన పనితనం. తర్వాత వచ్చిన ఇనుప వంతెనకు ఈ ఒదుగు లేదు. ఇప్పటికీ వరద నీరు ఒక స్థాయి దాటితే దాని మీద రాకపోకలు ఆపాల్సిందే.

ఈ వంతెన మీది మామూలు ఉదయాల గురించి రాసిపెట్టినవాళ్ళు తక్కువ. ఒక్క ఉదయం మాత్రం దాదాపు గంట గంటకూ నమోదైంది. అది 1857 మే 11, సోమవారం. సిపాయిల తిరుగుబాటు చరిత్రలో ఆ రోజు గురించి అందరూ చదివినదే. రాకపోకల కోణం నుంచి చూస్తే అదే రోజు మరోలా కనిపిస్తుంది. ఆ ఉదయం వంతెన మీద ఎదురెదురుగా నడిచిన రెండు ప్రయాణాల్లో ఒకటి తిరుగుబాటు, రెండోది ఉద్యోగం.

ఉద్యోగం కథ ముందురోజే మొదలైంది. ఢిల్లీ తంతి కార్యాలయం కశ్మీరీ దర్వాజా బయట, సివిల్ లైన్స్ వైపు ఉండేది. మీరట్‌కు పోయే తీగ యమున అడుగున కేబుల్‌గా దిగి, అవతలి ఒడ్డున ఉన్న కేబుల్ గదిలో పైకి తేలేది. ఆదివారం కనుక పగలు కార్యాలయం మూసి ఉంది. సాయంత్రం నాలుగింటికి తెరిచి చూస్తే మీరట్ పలకడం లేదు. లోపం నీళ్ళలోని కేబుల్‌లో ఉందా, అవతలి తీగలో ఉందా తేల్చాలంటే నది దాటాలి. కుర్ర సిగ్నలర్లు విలియం బ్రెండిష్, పిల్కింగ్‌టన్ వెళ్ళారు. అవతలి గది నుంచి ఢిల్లీకి సంకేతాలు బాగానే అందాయి. మీరట్ వైపు మాత్రం చప్పుడు లేదు. అంటే తీగ ఆ దిక్కున ఎక్కడో తెగింది. చీకటి పడుతుండడంతో మిగిలిన పని పొద్దునకు వాయిదా పడింది.

సోమవారం ఉదయం కార్యాలయపు పెద్ద చార్లెస్ టాడ్ స్వయంగా బండి కట్టించుకొని బయలుదేరాడు. లోపం ఉంటే నది దాటి సరిచేసి రావడం ఆయన ఉద్యోగంలో భాగం. పాలవాళ్ళు, కూరగాయల బండ్లు, ధాన్యపు బండ్లు పోయే దారే ఆయన దారీ. అదే సమయానికి మూడో బెంగాల్ లైట్ కావల్రీ రౌతులు మీరట్ నుంచి రాత్రంతా గుర్రాల మీద నలభై మైళ్ళు వచ్చి వంతెన చేరారు. సుంకపు చౌకీ మనిషిని చంపి, చౌకీకి నిప్పు పెట్టారు. కోటలో ఉన్న బహదూర్ షా జఫర్‌కు ఆ పొగ కనిపించింది. దర్వాజాలు మూయమనీ, వీలుంటే పడవలు విప్పేయమనీ ఆజ్ఞ వెళ్ళింది. రాజధానికి తూర్పు కాపలా మొత్తం కొన్ని మోకుల ముడుల మీద నిలిచింది. వాటిని విప్పే వ్యవధి దొరకలేదు. టాడ్ వంతెన ప్రాంతంలోనే చనిపోయాడు.

బ్రెండిష్, పిల్కింగ్‌టన్ ఇంకా తెగని అంబాలా తీగ మీద వార్త పంపి, టాడ్ భార్యనూ బిడ్డనూ వెంటబెట్టుకొని నగరం బయటి రిడ్జ్ గుట్ట మీది ఫ్లాగ్‌స్టాఫ్ టవర్‌కు చేరారు. ఆ తంతి పంజాబ్‌ను ఆంగ్లేయుల చేతుల్లో నిలిపిందని 1902లో ఢిల్లీలో ఒక స్మారక స్తంభం కూడా లేచింది. స్తంభం తంతిని పొగిడింది. పడవల వంతెనకు మాత్రం ఎక్కడా గుర్తు లేదు. నిజానికి ఆ వేసవంతా ఢిల్లీని బతికించింది ఆ వంతెనే. నగరాన్ని తిరిగి పట్టుకోవడానికి వచ్చి రిడ్జ్ మీద గుడారాలు వేసిన ఆంగ్లేయులు పడమర, ఉత్తరం వైపు దారులను చూసుకోగలిగారు గానీ తూర్పు దారి వాళ్ళ చేతికి రాలేదు. జూలై మొదట్లో తిరుగుబాటు సేనాని బఖ్త్ ఖాన్ బరేలీ దళం దాని మీదుగానే నగరంలోకి వచ్చింది. రిడ్జ్ మీదివాళ్ళు చూస్తూ ఉండిపోయారు.

మిగతా చరిత్రను క్లుప్తంగా చెప్పుకోవచ్చు. సలీంగఢ్ 1546లో కట్టింది. ఎర్రకోట 1648లో పూర్తయింది. రెండూ నదిని కందకంగా వాడుకున్నవే. గాజియాబాద్ 1740లో గాజీయుద్దీన్ వేయించిన సరాయి చుట్టూ పెరిగింది. 1803 సెప్టెంబరు 11న పట్పర్‌గంజ్ దగ్గర సింధియా సేనను ఓడించిన ఆంగ్లేయ జనరల్ లేక్, కళ్ళెదుట కనిపిస్తున్న ఢిల్లీలోకి నది దాటి వచ్చేసరికి 14వ తేదీ అయింది. గెలిచిన సైన్యానికీ యమున మూడు రోజుల దూరమే. రైలు వచ్చాక కూడా పరిస్థితి వెంటనే మారలేదు. ఈస్ట్ ఇండియన్ రైల్వే 1864లో తూర్పు ఒడ్డు దాకా వచ్చి ఆగిపోయింది. ప్రయాణికులు దిగి, సామాను ఎక్కా బండ్లకూ ఎడ్లబండ్లకూ ఎక్కించి, పడవల వంతెన మీద ఢిల్లీ చేరేవారు. 1866లో ఇనుప వంతెన పూర్తయింది. 1867 మొదలుకొని రైలు సలీంగఢ్‌ను చీల్చుకుంటూ నగరంలోకి దూరింది.

ఆ వంతెన పొడవు 2,640 అడుగులు, సరిగ్గా అర మైలు. మొత్తం పన్నెండు ఖానాలు. పైన రైలు పట్టా, కింద బండ్ల దారి. 1913లో రెండో పట్టా వేశారు. రైల్వే లెక్కల్లో 249వ నంబరు వంతెన, జనం నోట లోహే కా పుల్. ఆశ్చర్యపరిచేది దాని పొడవు కాదు, అది ఒంటరిగా మోసిన కాలం. 1959లో వజీరాబాద్ బరాజ్ వచ్చేదాకా, అంటే తొంభై ఏళ్ళకు పైగా, నగరం పక్కన నదిని ఏ కాలంలోనైనా దాటించిన బండ్ల దారి దీని కింది అంతస్తే. ఈలోగా నగరం రాజధాని అయింది. 1911లో నాలుగు లక్షలకు కొంచెం పైన ఉన్న ఢిల్లీ ప్రాంతపు జనాభా 1951కి 17 లక్షలు దాటింది. 1908లో మొదలై 1963లో ఆగిపోయిన ట్రాము చాందినీ చౌక్, సదర్ బజార్, సబ్జీ మండీ చుట్టూ తిరిగింది గానీ నది దాటలేదు. తూర్పు నుంచి పనికి వచ్చేవాళ్ళు సైకిలు తొక్కేవారు, టాంగా ఎక్కేవారు, లేదంటే నడిచేవారు. తలమీద రైలు గడగడమంటుంటే కింద ఇరుకు దారిలో ఎడ్లబండి వెనక సైకిలు, సైకిలు వెనక బస్సు. పడవల వంతెన మీది వరసే ఇనుము కింద కొనసాగింది.

పెట్టె కథనం: షాహ్‌దరా చిన్న రైలు

ఇనుప వంతెన దాటకుండా ఢిల్లీ గుమ్మం దాకా జనాన్ని తెచ్చిన రైలు ఒకటి ఉండేది. మార్టిన్ కంపెనీ నడిపిన షాహ్‌దరా సహారన్‌పూర్ లైట్ రైల్వే 1907లో మొదలైంది. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. లోనీ, బాగ్‌పత్, బడౌత్, షామ్లీల నుంచి వచ్చేవాళ్ళను అది షాహ్‌దరాలో దించేసేది. అక్కడి నుంచి పెద్ద రైలో, టాంగానో ఎక్కాలి. నది దాటే చివరి నాలుగు మైళ్ళు ప్రయాణికుడి పూచీ. 1970లో ఆ రైలు ఆగింది. తర్వాత అదే దారిలో బ్రాడ్‌గేజ్ పట్టాలు పడ్డాయి.

దేశ విభజన తర్వాత శరణార్థులు గాంధీనగర్, గీతా కాలనీ, షాహ్‌దరా వైపు స్థిరపడ్డారు. 1960ల్లో ఐటీఓ కూడలి దగ్గర బరాజ్ మీదుగా దారి తెరుచుకుంది. ఆ తర్వాత నిజాముద్దీన్ వంతెన వచ్చింది. 1975 నుంచి 1977 దాకా ఎమర్జెన్సీలో నగరం నడిబొడ్డు నుంచి ఖాళీ చేయించిన వేలాది కుటుంబాలను త్రిలోక్‌పురి, కల్యాణ్‌పురి, ఖిచ్‌డీపూర్, నంద్ నగరీలకు తరలించారు. ఇళ్ళు జమ్నాపార్‌కు, అంటే యమున అవతలి ఒడ్డుకు, మారాయి. పనులు మాత్రం పాత ఒడ్డునే ఉన్నాయి. ఢిల్లీ పాలకులు ముందు మనుషులను నది దాటించి, వంతెన సంగతి ఆ తర్వాత ఆలోచించే అలవాటును అప్పుడే ఖాయం చేసుకున్నారు. రోజుకూలీ మీద బతికేవాడికి రానూపోనూ బస్సు చార్జీ చిన్న మాట కాదు.

ఆ అలవాటు ఖరీదు అన్నిటికంటే ఘోరంగా బయటపడింది వజీరాబాద్‌లో. 1997 నవంబరు 18న బడిపిల్లల బస్సు అక్కడి ఇరుకు వంతెన మీంచి యమునలో పడి 28 మంది పిల్లలు చనిపోయారు. వెడల్పాటి వంతెన కట్టాలన్న ఆలోచన ఆ తర్వాతే గట్టిపడింది. అదే సిగ్నేచర్ బ్రిడ్జి. 154 మీటర్ల ఎత్తు స్తంభంతో అది ప్రారంభమైనది 2018 నవంబరు 4న. పిల్లలు పోయాక ఇరవయ్యొక్క ఏళ్ళు.

పెట్టె కథనం: గోదావరి లెక్క వేరు

రాజమండ్రిలో వరస తిరగబడింది. తూర్పు తీరపు రైలు మార్గం 1890ల్లోనే వేశారు. గోదావరి మీద 56 ఖానాల హేవలాక్ వంతెన తెరుచుకున్నది 1900 ఆగస్టు 30న. అది రైలుకే. ఢిల్లీ వంతెనలా కింద బండ్ల దారి లేదు. అందుకని రైలు నది దాటాక కూడా డెబ్బై ఏళ్ళకు పైగా బండీ కారూ దాటాలంటే నీళ్ళ మీదే. 1974లో రోడ్డు కం రైలు వంతెన వచ్చేదాకా కొవ్వూరు, రాజమండ్రి మధ్య లాంచీలూ పంట్లూ రేవు నుంచి రేవుకు తిరుగుతూనే ఉన్నాయి. ఆఖరి లాంచీ వేళ తెలియనివాడు కొవ్వూరులో ఉద్యోగం చేయలేకపోయేవాడు.

వైశాలి ఈ కథలో ఆఖరి మజిలీ. 1976 నవంబరులో గాజియాబాద్ జిల్లా అయింది. మరుసటి ఏడు అభివృద్ధి ప్రాధికార సంస్థ ఏర్పడింది. అది మకన్‌పూర్ చుట్టుపక్కల పొలాలు సేకరించి సెక్టార్లుగా కోసిన కాలనీల్లో వైశాలి ఒకటి. ఢిల్లీలో అద్దెలు భరించలేని ఉద్యోగులు, వాళ్ళలో కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల తెలుగు కుటుంబాలు కూడా, ఇటు వచ్చారు. ఇల్లు ఉత్తరప్రదేశ్‌లో, కొలువు ఢిల్లీలో. మధ్యలో రాష్ట్రాల సరిహద్దు ఒకటి, నది ఒకటి. సరిహద్దు వల్ల ఆటోవాడు ఈ పక్కనే దించేసేవాడు. నది వల్ల బస్సు లక్ష్మీనగర్ నుంచి ఐటీఓ దాకా పాకేది.

ఆ ప్రయాణానికి మూడు దారులుండేవి. సాహిబాబాద్ స్టేషన్‌కు రిక్షాలో వెళ్ళి గాజియాబాద్ నుంచి వచ్చే షటిల్ ఎక్కడం ఒకటి. నెలవారీ పాస్, రోజూ అదే పెట్టె, అవే మొహాలు, పేకాట బృందాలు. రైలు మాత్రం చివరికి 249వ నంబరు వంతెన మీదుగానో దిగువన మరో రైలు వంతెన మీదుగానో నది దాటాల్సిందే. సిగ్నల్ కోసం నది ముందు ఆగే ఆ నిమిషాలు హాజరు పట్టీలో ఎర్రగీతలుగా మారేవి. రెండోది ఆనంద్ విహార్ దాకా షేర్ ఆటో, అక్కడి నుంచి డీటీసీ బస్సు, లేదంటే ప్రైవేటు బ్లూలైన్ బస్సు. మూడోది చార్టర్డ్ బస్సు. సచివాలయపు వేళలకు తగ్గట్టు నడిచేది, సీటు నెలకు ఇంతని ముందే మాట్లాడుకోవాలి. మూడింటిలో నెగ్గింది చార్టర్డ్ బస్సే. కారణం వేగం కాదు, కూర్చునే చోటు దొరకడం.

2002 డిసెంబరు 25న షాహ్‌దరా నుంచి తీస్ హజారీ దాకా 8.3 కిలోమీటర్ల తొలి మెట్రో యమునను దాటింది. మొదటిరోజు జనం ఎంత విరగబడ్డారంటే టోకెన్లు చాలక కాగితం టికెట్లు ఇవ్వాల్సి వచ్చింది. వైశాలికి మాత్రం అది పక్క వీధి పెళ్ళి. బ్లూలైన్ మెట్రో ఇంద్రప్రస్థ నుంచి వంతెన దాటి యమునా బ్యాంక్ చేరింది 2009 మే నెలలో. 2010 జనవరిలో ఆనంద్ విహార్‌కు, 2011 జూలై 14న వైశాలికి వచ్చింది. నదిని చూసే తీరిక కూడా ఇవ్వకుండా దాటించేసే ఆ వంతెన వచ్చాక చార్టర్డ్ బస్సు పాత ప్రాధాన్యం పోగొట్టుకుంది. మెట్రో వైశాలితో ఆగిపోవడంతో ఇందిరాపురం, వసుంధరల వాళ్ళ షేర్ ఆటో బేరం ఆనంద్ విహార్ నుంచి వైశాలి స్టేషన్ మెట్ల కిందికి మారింది.

249వ నంబరు వంతెన ఇంకా ఉంది. ఢిల్లీలో యమున నీటిమట్టాన్ని కొలిచేది అక్కడే. 205.33 మీటర్లు దాటితే ప్రమాద హెచ్చరిక. 1978 సెప్టెంబరులో 207.49 మీటర్లకు చేరిన నీరు, 2023 జూలైలో 208.66 మీటర్లకు పోయి పాత రికార్డు దాటింది. అప్పుడు పాత వంతెన మీద రైళ్ళు ఆపి, కింది దారి మూసేశారు. మెట్రో నడిచింది.