తీగ ఊరిదా, కంపెనీదా? ఇంటర్నెట్ చుట్టూ అల్లుకున్న అపోహలు

గాలివాన వెలిసిన మర్నాడు మా వీధి చివర కరెంటు స్తంభం కింద ఒక కుర్రాడు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. పక్కన టిఫిన్ డబ్బా అంత స్ప్లైసింగ్ మెషీను. తెగిన కేబుల్ తొడుగు వలిచి, లోపలి నీలం, నారింజ, ఆకుపచ్చ పోగుల్ని విడదీశాడు. ఒక పోగు తీసి దాని రంగు పూత గీకేసి, స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడిచి, కొస నున్నగా తెగేలా కోసి, రెండు కొసల్నీ మెషీనులో ఎదురెదురుగా పెట్టాడు. లోపల చిన్న మెరుపు మెరిసింది. వెంట్రుకంత సన్నటి గాజుపోగులు రెండూ కరిగి ఒకటైపోయాయి. అలా 24 పోగులు కలపాలట. అదే స్తంభానికి ఇంకో ఐదారు కంపెనీల తీగలు వేలాడుతున్నాయి. ఇవన్నీ ఎవరివని అడిగితే, "స్తంభం కరెంటోళ్లది సార్, తీగలు ఎవరివి వాళ్లవి" అన్నాడు తల ఎత్తకుండానే.

ఊరి పాలక సంస్థే ఇంటర్నెట్ ఇవ్వొచ్చా, ఆ పని ప్రైవేటు కంపెనీలకే వదిలేయాలా అని అమెరికాలో ఏళ్ల తరబడి నడుస్తున్న తగాదాకి మూలం ఆ కుర్రాడి మాటలోనే ఉంది. రాష్ట్ర ప్రభుత్వ ఆంధ్రా ఫైబర్‌నెట్ ప్రస్తావన వస్తే మన దగ్గరా అవే వాదనలు వినిపిస్తాయి. ఇటు నమ్మేవాళ్లలోనూ, అటు నమ్మేవాళ్లలోనూ కొన్ని అపోహలు పాతుకుపోయాయి.

అపోహ: ఇంటర్నెట్ ఊరి పాలకుల పని కాదు, ఏదో మోజులో మొదలుపెడతారు

అందరూ ఉదాహరణగా చూపించే ఊరు టెనెసీ రాష్ట్రంలోని చాటనూగా. అక్కడి కథ మొదలైంది ఇంటర్నెట్‌తో కాదు, కరెంటుతో. 1930లలో ఆ ఊరికి కరెంటిచ్చేది ఒక ప్రైవేటు కంపెనీ. 1935లో జనం ఓట్లేసి తమ సొంత కరెంటు సంస్థ పెట్టుకున్నారు. అదే ఎలక్ట్రిక్ పవర్ బోర్డు, ఈపీబీ. ఊరికి వ్యాపారం ఎందుకన్న ప్రశ్న అప్పుడూ వచ్చింది. నాలుగేళ్లకి ఆ ప్రైవేటు కంపెనీ ఆస్తులు అమ్మేసి తప్పుకుంది. వీధుల్లోని స్తంభాలు ఊరివయ్యాయి.

డెబ్బై ఏళ్ల తర్వాత ఆ స్తంభాల మీదికే ఫైబర్, అంటే గాజుపోగుల తీగ, ఎక్కింది, అదీ మొదట కరెంటు కోసమే. గాలివానకి చెట్టు కూలి లైను తెగితే పాత పద్ధతిలో ఆ లైను మీదున్న ఇళ్లన్నీ చీకట్లో ఉండాల్సిందే. లైన్‌మన్ బండేసుకుని లైను వెంబడి వెతుక్కుంటూ పోవాలి. కొత్త పద్ధతిలో స్తంభాల మీది ఆటోమేటిక్ స్విచ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుని, తెగిన ముక్కని విడదీసి, మిగతా వీధులకి ఇంకో దారిన కరెంటు మళ్లిస్తాయి. ఆ మాటలు క్షణాల్లో అటూ ఇటూ చేరాలంటే ఫైబర్ కావాలి. స్విచ్‌ల మాటలకి ఆ ఫైబర్‌లో పట్టే చోటు పిసరంత. మిగిలిన సామర్థ్యాన్ని ఇళ్లకి ఇచ్చారు. 2010లో తన పరిధిలోని సుమారు 600 చదరపు మైళ్లలో ఏ ఇల్లు అడిగినా సెకనుకి ఒక గిగాబిట్ వేగం ఇస్తామని ఈపీబీ ప్రకటించింది. ఊరు ఊరంతటికీ అంత వేగం అమెరికాలో అదే మొదలు.

అంటే ఉన్న స్తంభాల మీద, ఉన్న సిబ్బందితో, వేరే అవసరానికి వేసిన తీగతో నడిచిన పని అది. సొంత కరెంటు సంస్థ లేని ఊరు చాటనూగాని చూసి అదే పనికి దిగితే లెక్క పూర్తిగా మారిపోతుంది. ఈ తేడా చెప్పకుండా చాటనూగాని పొగిడేవాళ్లంటే నాకు విమర్శకులకంటే ఎక్కువ భయం.

అపోహ: అదంతా పన్నుల సొమ్ము. ప్రైవేటు కంపెనీ అయితే సొంత డబ్బు పెడుతుంది

సగం నిజం. 2009లో ఈపీబీకి కేంద్ర ప్రభుత్వం నుంచి సుమారు 11 కోట్ల డాలర్ల గ్రాంటు వచ్చింది. అది దేశప్రజల పన్నుల సొమ్మే, దాచాల్సిన పనిలేదు. మిగతా ఖర్చులో చాలా భాగం బాండ్లు అమ్మి తెచ్చిన అప్పు. అది తీరేది ఊరి ఇంటిపన్నులోంచి కాదు, కరెంటు, ఇంటర్నెట్ బిల్లుల్లోంచి. కరెంటు డబ్బుతో ఇంటర్నెట్‌ని పోషిస్తున్నారంటూ కేబుల్ కంపెనీ కామ్‌కాస్ట్ 2008లో కోర్టుకెక్కింది. ఆ దావా నిలవలేదు.

ఇక ప్రైవేటు కంపెనీల సొంత డబ్బు. పల్లెలకి ఇంటర్నెట్ చేర్చడానికని అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2020లో వేలంపాట పెట్టి, పదేళ్లలో చెల్లించేలా 920 కోట్ల డాలర్ల సబ్సిడీకి పాటలు ఖరారు చేసింది. పాడుకున్నవాళ్లలో పెద్ద పెద్ద ప్రైవేటు కంపెనీలున్నాయి. 2021లో అమెరికా చేసిన మౌలిక వసతుల చట్టం ఇదే పనికి మరో 4,245 కోట్ల డాలర్లు కేటాయించింది. గిట్టుబాటు కాని చోటికి తీగ వెయ్యాలంటే ఎవరైనా ప్రజల సొమ్ము వైపే చూస్తారు.

అపోహ: ప్రభుత్వం చేతిలో పెడితే మునిగిపోతుంది

మునిగిన ఊళ్లు ఉన్నాయి. యూటాలోని ప్రోవో 3.9 కోట్ల డాలర్ల అప్పుతో ఫైబర్ వేసింది. ఊరే నేరుగా ఇళ్లకి అమ్ముకోవడానికి రాష్ట్ర చట్టం అడ్డుపడటంతో హోల్‌సేల్‌గా వేరే కంపెనీలకి ఇచ్చింది. వాటి రాబడి అప్పు వాయిదాలకి చాలలేదు. చివరికి 2013లో మొత్తం నెట్‌వర్క్‌ని గూగుల్‌కి ఒక్క డాలరుకి ఇచ్చేసింది. అప్పు మాత్రం ఊరి నెత్తినే మిగిలింది. ఇంటర్నెట్ పెట్టుకున్నా పెట్టుకోకపోయినా ప్రతి ఇంటి కరెంటు బిల్లులో నెలకి 5 డాలర్ల 35 సెంట్లు పడ్డాయి. వెర్మాంట్‌లోని బర్లింగ్టన్ ఇంకా పెద్ద తప్పు చేసింది. లైసెన్సు షరతుల్ని కాదని నగరపు ఉమ్మడి నిధిలోంచి 1.7 కోట్ల డాలర్లు తీసి ఇందులో పోసింది. అప్పిచ్చిన బ్యాంకు దావా వేసింది, నగరం పరపతి రేటింగ్ పడిపోయింది.

ఇలాంటి ఊళ్ల పేర్లు చెప్పగానే వాదన ముగిసిపోయిందనుకుంటారు. అయితే ప్రైవేటు కంపెనీలూ బోల్తా పడతాయి. కెంటకీలోని లూయీవిల్‌లో గూగుల్ ఫైబర్ రోడ్డు మీద రెండంగుళాల లోతు గాడి కోసి తీగలు పరిచింది. అవి పైకి లేచి బయటపడ్డాయి. సేవలు మొదలై రెండేళ్లయినా కాకముందే, 2019లో, కంపెనీ ఊరు వదిలి వెళ్లిపోయింది. పోతూ రోడ్ల బాగుకి నగరానికి 38.4 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. తప్పు లెక్కకి తన, పర తేడా లేదు. ప్రోవోలో జనం తమ బిల్లులో ఆ నష్టం ఎంతో చూడగలిగారు, పాలకుల్ని నిలదీయగలిగారు. నాకు ముఖ్యమనిపించే తేడా అదే.

అపోహ: ప్రభుత్వానిదైతే చవగ్గా వస్తుంది

2010లో ఈపీబీ గిగాబిట్ కనెక్షన్ ధర నెలకి 350 డాలర్లు. దాదాపు ఎవరూ కొనగలిగింది కాదు. మూడేళ్లకి అది 70 డాలర్లకి దిగింది. ఆ ఊరి అసలు మేలు ధరలో కాదు, 2020లో కనిపించింది. కరోనాకి బడులు మూతపడితే పేద ఇళ్ల పిల్లలు సుమారు 28,000 మందికి ఉచితంగా ఇంటర్నెట్ ఇచ్చే పథకాన్ని ఊరు, కౌంటీ, దాతలు కలిసి నెలల్లో మొదలుపెట్టగలిగారు. తీగ అప్పటికే ఆ వీధుల్లో ఉంది కాబట్టి.

మన ఆంధ్రా ఫైబర్‌నెట్ 2017 డిసెంబరులో ఇంటర్నెట్, టీవీ, ఫోను కలిపి నెలకి 149 రూపాయలకే అంటూ మొదలైంది. అందరికీ గుర్తుండిపోయింది ఆ 149. నిజానికి గమనించాల్సింది తీగ ఎలా వెళ్లిందన్నది. కరెంటు స్తంభాల మీదుగా లాగడంతో తవ్వకాల ఖర్చు తప్పింది. తెలంగాణలో ప్రభుత్వ ఫైబర్ సంస్థ టీ-ఫైబర్‌కి మిషన్ భగీరథ నీళ్ల పైపుల కందకాలు అలాగే అక్కరకొచ్చాయి. ఆంధ్రాలో స్తంభం నుంచి ఇంటి దాకా తీగ లాగేదీ, నెలనెలా డబ్బు వసూలు చేసేదీ ఊళ్లోని కేబుల్ ఆపరేటరే. అతనికి గిట్టుబాటు కాకపోతే ఎంత చవక ప్యాకేజీ అయినా కాగితం మీదే ఉంటుంది. అందుకే ఇది అచ్చంగా ప్రభుత్వ ఇంటర్నెట్ అని ఎవరన్నా నేను ఒప్పుకోను.

అపోహ: ఎవరు మంచివాళ్లో మార్కెట్టే తేల్చేస్తుంది

చాటనూగా చుట్టుపక్కల పల్లెలు మాకూ ఫైబర్ ఇవ్వండని ఈపీబీని అడిగాయి. ఇవ్వడానికి ఈపీబీ సిద్ధం. కానీ మున్సిపల్ కరెంటు సంస్థ తన కరెంటు పరిధి దాటి ఇంటర్నెట్ ఇవ్వకూడదన్నది టెనెసీ చట్టం. 2014లో ఈపీబీ, అలాంటి ఆంక్షలే ఉన్న నార్త్ కరొలినాలోని విల్సన్ నగరం ఎఫ్‌సీసీకి మొరపెట్టుకున్నాయి. 2015 ఫిబ్రవరిలో ఎఫ్‌సీసీ 3-2 ఓట్లతో ఆ రెండు రాష్ట్రాల ఆంక్షల్ని పక్కన పెట్టింది. రాష్ట్రాలు కోర్టుకెళ్లాయి. రాష్ట్ర చట్టాన్ని కొట్టిపారేసే అధికారం ఎఫ్‌సీసీకి లేదని 2016 ఆగస్టులో అప్పీలు కోర్టు తేల్చింది. మరుసటి ఏడాది టెనెసీ కొత్త చట్టం చేసి కరెంటు సహకార సంఘాలు ఇంటర్నెట్ ఇవ్వొచ్చంది గానీ, మున్సిపల్ సంస్థలకి గీసిన గీత చెరపలేదు.

ఈపీబీ కరెంటు ఏ స్తంభం దగ్గర ఆగుతుందో దాని ఫైబర్ కూడా అక్కడే ఆగాలి. అవతలి ఇంటివాళ్లు డబ్బు కడతామన్నా ఆ తీగ ఆ స్తంభం దాటదు.