యుద్ధపుటాటలో పాపపుణ్యములు

శంషాబాదులో మా యింటి మీదుగా విమానములు దిగుచుండును. 2008 మార్చిలో ఇచ్చట విమానాశ్రయము తెరచిన నాటినుండి ఆ రొదకు మా చెవులు అలవాటుపడినవి. ఇటీవల ఒక ఆదివారము ఆ రొద నడుమ మరియొక సవ్వడి వినవచ్చెను: గుఱ్ఱపు డెక్కలు, కత్తుల ఖణఖణలు, ఎవరిదో చావుకేక. సెలవునకు వచ్చిన మా మేనల్లుడు కంప్యూటరు ముందు కూర్చుండి యుద్ధము చేయుచుండెను. వాడు ఇంజనీరింగు చదువుచున్నాడు. ముందుముందు ఇట్టి ఆటలు తయారుచేయుటయే వృత్తిగా పెట్టుకొనవలెనని వాని సంకల్పము.

ఆ ఆట ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ రెండవ భాగము. 1999లో వెలువడినది. 2022లో దానికి చేర్చిన అనుబంధముతో ద్రావిడులు, బెంగాలీలు, గూర్జరులు కూడ అందు ప్రత్యేక పక్షములైరి. ఆటగాడు ఒక జాతికి నాయకుడై పొలములు దున్నించి, చెట్లు కొట్టించి, కోటలు కట్టించి, సేనలను కూర్చి శత్రువును నిర్మూలింపవలయును. నేను చూచునప్పటికి శత్రువు కోట కూలినది, సైన్యము నశించినది. మిగిలిన నలుగురు పల్లెవాండ్రు కట్టెలు కొట్టుకొను గొడ్డళ్ళతో అడవివైపు పరుగిడుచుండిరి. మావాని గుఱ్ఱపుదండు వెంటాడి వారిని ఒక్కొక్కరినే నఱికివేసెను.

‘‘వాళ్ళనెందుకురా?’’ అంటిని.

‘‘ఇడిసిపెడితే ఇంకో దిక్కు పోయి మల్ల ఊరు కట్టుకుంటరు మామా. ఆట అయిపోదు,’’ అనెను వాడు, తెరమీదినుండి చూపు మరల్చకయే.

వాడు చెప్పినది నిజమే. దండయాత్రచే గెలువదలచినచో శత్రుపక్షమున కాపువాడు మిగిలియున్నంతవఱకు జయము పూర్తికాదు. పిల్లవాడు క్రూరుడు కాడు. వీధికుక్కకు ఇంత అన్నము పెట్టనిదే తాను తినడు. నియమము చెప్పినట్లు చేసెను, అంతే. నన్ను బాధించినది వాని చేయి కాదు, ఆ నియమము. పాఱిపోవు పేదవానిని వెన్నుపోటు పొడిచినందుకు ఆ లోకమున ఏమియు జరుగలేదు. ఎవరును ఏడ్వలేదు. ఒక గింజ పంటయైనను తగ్గలేదు.

ఆటలో హింస నేడు పుట్టినది కాదు. పులిజూదమున మూడు పులులు పదునైదు మేకల మీద పడును, పులికి పాపమేమి? చదరంగమున బంటు చచ్చును. ఆ బంటునకు ఇల్లు లేదు, గొడ్డలి లేదు, ప్రాణభీతితో పరుగెత్తుట లేదు. పాపపుణ్యములను గడులలోనే వ్రాసి పెట్టిన ఆటయు మనకు కలదు: వైకుంఠపాళి. దుర్గుణమునకు పాము, సద్గుణమునకు నిచ్చెన. కాని అందొక లోపమున్నది. బాల్యమున నాకది తోచలేదు. పాము నోట బడినవాడు ఏ పాపమును చేసి పడలేదు, గవ్వలట్లు పడినవి. నిచ్చెన నెక్కినవాడు ఎవరికిని పిడికెడు మెతుకులు పెట్టి ఎక్కలేదు. వైకుంఠపాళిలో ఫలమున్నది, కర్మ లేదు. మావాని ఆటలో కర్మయున్నది, ఫలము లేదు.

ఈ కొఱత ఆటలు చేయువారికి తెలియకపోలేదు. 2004లో ఇంగ్లండువారు చేసిన ‘రోమ్: టోటల్ వార్’ అను ఆటలో పట్టణము చేజిక్కగానే మూడు మార్గములు చూపబడును: ఏలుకొనుట, బానిసలను చేసికొనుట, ఊచకోత కోయుట. ఊచకోత కోసిన ధనము వచ్చును. జనము తగ్గుటచే తిరుగుబాటు భయమును తగ్గును. అనగా పాపమునకు ఫలమున్నది, అది లాభము! 2006లో అదే వరుసలో వచ్చిన ‘మెడీవల్’ రెండవ ఆటలో బందీలను విడిచిన సేనానికి ఔదార్యమను గుణము పెరుగును. చంపించినవానికి భీకరత్వము పెరుగును. ధర్మము ప్రవేశించినదని సంతసింపబోవుదుము. కాని ఔదార్యము తనవారికి ధైర్యమిచ్చును, భీకరత్వము ఎదిరివారి గుండెలు చెదరగొట్టును. రెండును ఆయుధములే. ‘సివిలిజేషన్’ ఆరవ ఆటకు 2019లో చేర్చిన భాగములో, పట్టణమును నేలమట్టము చేసినవాని పేర ఇతర రాజ్యములు నేరముల లెక్క వ్రాసికొనును. కాలము గడచినకొలది ఆ లెక్క తరిగిపోవును. వెల ముందే తెలిసిన శిక్షను శిక్ష యనవచ్చునా? మా యూరి ప్రక్కన ఔటర్ రింగు రోడ్డు మీద టోలు కట్టినట్లు కట్టి ముందుకు సాగుటయే గదా.

ఇచ్చటినుండి గోలకొండకు వాహనమున గంటలోపు ప్రయాణము. 1687లో ఔరంగజేబు ఆ కోటను నెలల తరబడి ముట్టడించి, తుదకు లోనివాని ద్రోహముచే పట్టుకొనెను. ఒంటినిండ గాయములతో పడియుండు వఱకు పోరాడిన అబ్దుల్ రజాక్ లారీకి విజేతయే వైద్యులను పంపి చికిత్స చేయించెను. తరువాత కొలువును ఇవ్వజూపెను. లారీ తొలుత నిరాకరించెను. ఆ చికిత్స దయయా, మంచి సేనానిని కొనుటకు వేసిన ఎత్తుగడయా? మూడువందల ఏండ్లకు పైగా అయినను మనము తేల్చుకొనలేము. ఆటయైనచో తటపటాయింపక ఔదార్యమునకు ఒక అంకె వేసి ఊరకుండును.

దెబ్బ లెక్కకు గాక మనిషికి తగులునట్లు చేసిన ఆటలును కొన్ని కలవు. స్వీడనువారి ‘క్రూసేడర్ కింగ్స్’ మూడవ ఆటలో (2020) దయాస్వభావుడైన రాజు బందీని చంపించినచో వాని మనస్సున ఒత్తిడి పేరుకొని మతి చెదరువఱకు పోవచ్చును. క్రూరస్వభావునకు అదే పని ఒత్తిడిని తగ్గించును. ఇది భయంకరమే, కాని అబద్ధము కాదు. అంతకంటె నన్ను కదలించినది వార్సా నగరమున 2014లో చేసిన ‘దిస్ వార్ ఆఫ్ మైన్’. 1992 నుండి 1996 వఱకు సాగిన సారయెవో ముట్టడి దీనికి ప్రేరణ. ఇందు ఆటగాడు రాజు కాడు. ముట్టడిలో చిక్కిన సామాన్యులను బ్రతికింపవలసినవాడు. ఆకలికి తాళలేక ఒక వృద్ధదంపతుల యింట దూఱి తిండియు మందులును దోచుకొనవచ్చును; వారు ఎదిరింపలేరు. తిరిగి వచ్చినవాడు తిండి దొరికియు కుమిలిపోవును. కొందఱు ఆ దుఃఖమునుండి తేరుకొననే లేరు. 2020లో పోలండు ప్రభుత్వము దీనిని విద్యార్థుల పఠనసామగ్రిలో చేర్చుచున్నట్లు ప్రకటించెను. పాఠ్యగ్రంథములతోనే జీవితము గడపిన నాకు ఆ వార్త విని కొంచెము అసూయ కలిగినదని ఒప్పుకొనవలెను.

అయినను మావానికి నేను చెప్పినది భారతమే. సౌప్తికపర్వమున అశ్వత్థామ, చెట్టుమీద నిద్రించు కాకులను గుడ్లగూబ చంపుట చూచి, అదియే వ్యూహముగా గ్రహించెను. కృపుడు వలదనెను, వినలేదు. ఆ రాత్రి శిబిరము చొచ్చి ధృష్టద్యుమ్నుని, ద్రౌపది కొడుకులైదుగురిని వధించెను. ఎత్తుగడగా చూచిన అందు తప్పు పట్టరాదు, తలచినది నెరవేరెను. పిదప ఉత్తర గర్భమందలి శిశువుపైని అస్త్రము విడిచెను. దానికి వచ్చిన శిక్ష మరణము కాదు. నెత్తురు, చీము కంపు కొట్టుచు, పలుకరించు దిక్కు లేక, మూడువేల ఏండ్లు తిరుగుమని కృష్ణుని శాపము. ఓడినవాని సంగతి ఇది. గెలిచినవాని సంగతియో? ద్రోణుని పడగొట్టుటకు ధర్మరాజు ఆడిన మాట చక్కగా పనిచేసినది. కాని అంతవఱకు నేలకు నాలుగు వ్రేళ్ళ ఎత్తున నడచిన ఆతని రథము ఆ మాటతో నేలకు దిగినది.

వాడు ఆట నిలిపి శ్రద్ధగా వినెను. ‘‘మంచిగుంది మామా. రథం కిందికి దిగితే స్పీడు ఎంత తగ్గాలె?’’

‘‘ఏమీ తగ్గదురా. యుద్ధం గెలిచారు కూడా.’’

‘‘మరి ఆడేటోనికి నష్టమేంది?’’

‘‘కనబడుతూ ఉంటుంది. ఆట అయ్యేదాకా రథం నేలమీదనే పోతుంది.’’

‘‘గసొంటి ఆట ఎవరు కొంటరు మామా?’’

‘‘నేను కొంటాను.’’

‘‘నీకు ఆడరాదు గద!’’ అని నవ్వెను.

సాయంకాలము మరియొక ఆట మొదలుపెట్టెను. నేను దినపత్రిక చదువుచు ఓరగా చూచుచుంటిని. ఈసారియు శత్రువు కోట కూలినది. ఇద్దరు పల్లెవాండ్రు మిగిలిరి. గుఱ్ఱములు వారి వెనుక కొంతదూరము పోయి నిలిచినవి. వాడు నావైపు చూడలేదు. దండును వెనుకకు మరల్చి, ఒక మహాకట్టడమునకు పునాది వేసెను. దానిని పూర్తిచేసి నిర్ణీతకాలము కాపాడుకొనుటయు ఒక గెలుపు మార్గమట. కాని బోలెడు కలప, రాయి, బంగారము కావలెను. భోజనమునకు మా చెల్లెలు పిలుచునప్పటికి అది సగమే లేచినది. అడవి అంచున ఆ యిద్దరు కట్టెలు కొట్టుకొనుచుండిరి.