నీ ముల్లేం పోయింది?

సొమ్ము, సొత్తు, ముల్లె, నిధి, ఆస్తి... విలువైనవాటికి ఎన్ని పేర్లో! అన్నీ ఒకటేలే అనుకుంటాం. పంపకాల దగ్గర కూర్చున్నప్పుడు తెలుస్తుంది వాటి మధ్య తేడా.

'నా తిప్పలేదో నేను బడుత. నీ ముల్లేం బోయిందిరా?'

సిద్దిపేట జిల్లా మిరుదొడ్డి వైపు ఏ ఊళ్లోనైనా కాసేపు అరుగు మీద కూర్చుంటే ఇలాంటి మాట ఒక్కటైనా చెవిన పడుతుంది. అన్నవాడికి కోపం, పడ్డవాడికి ఉక్రోషం. మధ్యలో ఆ ముల్లె ఏమిటో మాత్రం ఎవరూ పట్టించుకోరు. ముల్లె అంటే మూట. పొలానికి పోయేవాళ్లు గుడ్డలో కట్టుకుని తీసుకెళ్లే అన్నం సద్దిముల్లె. అదే మాటకు ధనం అన్న అర్థమూ ఉంది. కాబట్టి 'నీ ముల్లేం బోయింది' అంటే 'నీ డబ్బేం పోయింది' అని. కోస్తావాళ్లు దీన్నే 'నీ సొమ్మేం పోయింది' అంటారు.

మధ్యాహ్నం తినే అన్నానికీ, దాచుకున్న డబ్బుకీ ఒకే పేరు! ఇప్పటి పిల్లలకు విచిత్రంగా ఉంటుందేమో కానీ, వానమీద ఆధారపడి బతికిన మెట్ట ప్రాంతంలో అందులో వింతేమీ లేదు. మూట కట్టుకునేంత మిగిలిందంటేనే గొప్ప. ఆ తర్వాత అందులో అన్నం ఉందా, రూపాయలున్నాయా అన్నది రెండో సంగతి. చీర కొంగుకు నాలుగు నాణేలు ముడేసుకునే అలవాటుందిగా! అడిగింది ఇచ్చే దేవుణ్ని 'కొంగుబంగారం' అనడం కూడా ఆ ముడి చలవే.

ఇక సొమ్ము సంగతి చూడండి. బ్యాంకులో 'సొమ్ము చెల్లించారా' అంటే డబ్బు. పెళ్లిలో 'ఒంటినిండా సొమ్ములు పెట్టుకుంది' అంటే నగలు. అదే శ్రీకాకుళం, విజయనగరం పల్లెలకు వెళ్లండి... అక్కడ సొమ్ములంటే ఆవులు, ఎడ్లు, గేదెలు. సాయంత్రంపూట అక్కడి అత్తగారు 'సొమ్ములు ఇంటికొచ్చాయా?' అని అడిగితే, హైదరాబాద్ అల్లుడు లాకరు తాళాల కోసం వెతుక్కోవాల్సిందే!

నవ్వుకున్నా ఆ అత్తగారిదే పాత లెక్క. లాటిన్‌లో డబ్బును 'పెకూనియా' అన్నారు. దానికి మూలం 'పెకుస్' అంటే పశువులు. ఇంగ్లిష్‌లో పశువులను చెప్పే 'క్యాటిల్', పెట్టుబడిని చెప్పే 'క్యాపిటల్' ఒకే తల్లి పిల్లలు. మన గోధనం సరేసరి. అంతదాకా ఎందుకు, మిరుదొడ్డి పేరులోనే దొడ్డి వినిపిస్తోందిగా! దొడ్డి అంటే పశువులను కట్టేసే చోటు. ఊరి పేరు పుట్టుక కథ ఎలా ఉన్నా, దొడ్డి నిండుగా ఉందంటే ఆ ఇల్లు కలిగిన ఇల్లన్నమాటే. పక్కవాడి చేలో పడ్డ గొడ్డును తీసుకెళ్లి బందెలదొడ్డిలో పెట్టేవారు. జరిమానా కడితేనే విడిచిపెట్టడం. సొమ్మును సొమ్ముతో విడిపించుకోవడమంటే ఇదేనేమో.

గొర్రెలకు, మేకలకు తెలంగాణలో ఇంకో చక్కని పేరుంది... జీవాలు. 'ఆయనకు వంద జీవాలున్నయి' అంటే బ్యాంకు ఖాతా వివరాలు అడగక్కర్లేదు. ఇదే జిల్లాలోని కొమురవెల్లి మల్లన్న దగ్గరికి గొల్లకురుమలు ఏటా తరలివెళ్లేది ఆ మంద చల్లగా ఉండాలనే. 2017 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం గొర్రెల పంపిణీ పథకాన్ని మొదలుపెట్టిందీ ఈ జిల్లా కొండపాకలోనే. 20 గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్, 75 శాతం సబ్సిడీ. కాగితాల మీద వాటిని యూనిట్లన్నారు కానీ, మందలో మాత్రం అవి జీవాలే.

సంస్కృతం దగ్గరికి వెళ్తే పేర్లకు కొదవే లేదు. అమరకోశం ధనానికి 13 పేర్లు చెబుతుంది. విత్తం, ద్రవ్యం, వసువు, హిరణ్యం, ద్రవిణం, అర్థం, విభవం... ఇలా. పూర్వం బడిలో పిల్లలు వీటిని అర్థం తెలియకుండానే వల్లె వేసేవారు. తెలిస్తే మాత్రం భలే ఉంటాయి. విత్తం అంటే దొరికింది, సంపాదించుకున్నది. స్వాపతేయం అంటే యజమానికి చెందింది. మాటకు ఉండేదీ అర్థమే, మనిషి దగ్గర ఉండేదీ అర్థమే. నిధి, నిక్షేపం... రెండింటికీ పెట్టింది, దాచింది అని భావం. దాచింది చెక్కుచెదరకుండా ఉంటుంది కదా, అందుకే కాబోలు 'ఎలా ఉన్నారు?' అంటే 'నిక్షేపంగా ఉన్నాం' అంటాం. తెలుగు అమ్మకం దస్తావేజుల్లోనూ ఈ మాటలు కనిపిస్తాయి. 'నిధి నిక్షేప జల తరు పాషాణ...' అంటూ సాగే అష్టభోగాల వరస అది. నేలలో దాగిన నిధి, నీళ్లు, చెట్లు, రాళ్లు అన్నీ కొన్నవాడివేనని హామీ. శాసనాల కాలంనాటి ఆ పదాలు రిజిస్ట్రేషన్ ఆఫీసుదాకా నడిచొచ్చాయి. చదివి సంతకం పెట్టేవాళ్లు ఎందరన్నది వేరే ప్రశ్న!

ఆ 13 పేర్లలో కాస్త ఆగి చూడాల్సింది రిక్థం. వదిలివెళ్లింది అని దానర్థం. పోయినవాళ్లు వదిలిందే వారసత్వం. మరి ఎవరికి వదిలారు? అసలు పేచీ ఇక్కడే. ఇంటి పెద్ద పోయాక పదిమందిని కూర్చోబెట్టి పంపకాలు చేస్తారు. ఎకరాలు, గుంటలు, ఇల్లు... ఆస్తి అనేసరికి ఇవే లెక్కకొచ్చేవి. ఆడపిల్లకు పెళ్లినాడే పెట్టేశాం కదా అనేది పాత మాట. పెట్టిన ఆ నగలైనా ఆమె చేతిలో ఉన్నాయా అంటే, చాలా ఇళ్లలో అత్తింటి పెట్టెలోకి వెళ్లిపోయేవి. స్త్రీధనం పూర్తిగా స్త్రీదేనని, దాచమని ఇచ్చినంత మాత్రాన అత్తింటివాళ్ల సొంతమైపోదని ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు 1985లో చెప్పింది. కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. కానీ అప్పటికే పెళ్లయినవాళ్లకు అది వర్తించలేదు. దేశమంతటికీ వర్తించే కేంద్ర సవరణ 2005లో వచ్చింది. అందులో పెళ్లి మెలిక లేదు. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండాలన్న నియమమేమీ లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. చట్టం మారి ఇన్నేళ్లయినా 'ఆడబిడ్డ సంతకం పెట్టి పోతే సరి' అనే మాట పంపకాల్లో వినబడుతూనే ఉంది. రిక్థం అన్న పదం ఎవరికీ గుర్తులేదు కానీ, వదిలేయడం మాత్రం ఆడపిల్ల వంతుకే వస్తోంది.

పంపకాల కాగితంలోకి అస్సలు ఎక్కనివి ఇంకొన్ని ఉన్నాయి. విత్తనాలే తీసుకోండి. విత్తం సంస్కృతం, విత్తనం తెలుగు. రెండింటికీ చుట్టరికం లేదు. అయినా రైతింట్లో రెండూ ఒకటే! మిరుదొడ్డి ఒకప్పుడు ఉన్న ఉమ్మడి మెదక్ జిల్లాలోనే జహీరాబాద్ ప్రాంతం కూడా ఉండేది. అక్కడ 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు, ఎక్కువగా దళిత మహిళలు, జొన్న, కొర్ర, సామల వంటి పాత విత్తనాలను ఇళ్లలో దాచి కాపాడారు. అప్పుగా తీసుకున్నవారు పంట వచ్చాక ఇంకొంచెం కలిపి తిరిగిస్తారు. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 2019లో ఆ సంస్థకు ఈక్వేటర్ ప్రైజ్ ప్రకటించింది. గంపలో బూడిద, వేపాకు కలిపి దాచిన గింజలకు ఏ దస్తావేజులోనూ చోటు లేదు మరి.

మీ ఇంట్లో అవ్వో నాయనమ్మో ఉంటే ఈ ఆదివారం 'అవ్వా, నీ సందుగల ఏమున్నయే?' అని అడిగి చూడండి. 'ఏముంటయి బిడ్డా, ముసల్దాని ముల్లె' అంటుంది ముందు. కాసేపాగితే ఒక్కొక్కటే బయటికొస్తాయి... మడత నలిగిన పెళ్లినాటి చీర, వెండి కడియాలు, పాత పట్టా కాగితం, గుడ్డపేలికలో ముడేసిన పిడికెడు బీర గింజలు.