పాత బంగారం అమ్మేముందు

నిజామాబాద్ యార్డులో పసుపు తూకం కిలో తగ్గితే అంకాపూర్ రైతు ఒప్పుకోడు. అదే ఇంట్లోని విరిగిన కమ్మలు, తెగిన లచ్ఛా ఆర్మూరు దుకాణంలో పెట్టి, "ఎంతిస్తారు సేట్?" అని ఊరుకుంటాం. పాత తులం 11.66 గ్రాములు, నేడు చాలా దుకాణాల్లో 10. అందుకే గ్రాముల్లోనే మాట్లాడాలి. నల్లపూసలు, రాళ్లు, లక్క తీయించి కళ్లముందే తూయించాలి. 22 కారట్లంటే నూటికి 91.6 పాళ్లు మేలిమి. మీటరులో చూపించాకే ఆనాటి ధర కట్టమనాలి. మజూరీ ఎలాగూ తిరిగిరాదు. తరుగెందుకు కోస్తున్నారో మాత్రం అడిగి తీరాలి.

పాతదిచ్చి కొత్తది తెచ్చుకుంటే? బంగారానికి బంగారం హెచ్చుతగ్గులతో మార్చడం వడ్డీయేనని ఎక్కువమంది ఆలిముల మాట. నాసిరకం ఖర్జూరాలను నగదుకు అమ్మి, ఆ సొమ్ముతో మేలిరకం కొనమన్నారు దైవప్రవక్త (స). ఇక్కడా అంతే: ముందు పైసలు చేతికి రావాలి, తర్వాతే కొత్త నగ. బేరాలు రెండూ విడిపోతే తరుగు ఎక్కడ కోశారో కూడా బయటపడుతుంది. ఇక అది మహర్ నగైతే భార్య సొత్తు. ఆమె సమ్మతించనిదే తక్కెడలోకి రాకూడదు.