తెరవెనుక వదంతులు

అమెరికాలోని డబ్ల్యు.డబ్ల్యు.ఇ. సంస్థవారి కుస్తీ ప్రదర్శనలకు మన ప్రాంతమునను అభిమానులు కలరు. 2023 సెప్టెంబరు 8న హైదరాబాదు గచ్చిబౌలిలో జరిగిన ప్రదర్శనమున కొందరు ఆ మల్లులను కన్నులార చూచిరి. ఈ అభిమానుల నడుమ తరచుగా ఒక మాట వినవచ్చును: "ఫలానా మల్లునిపై యాజమాన్యమునకు నమ్మకము పోయినదట!" ఈ 'అట'ను ఎంతవరకు నమ్మవచ్చునో విచారింతము.

ఈ కుస్తీలలో జయాపజయములు ముందుగానే నిర్ణయింపబడును. ఇది వినోద ప్రదర్శనమేగాని పోటీ కాదని 1989లో ఆ సంస్థవారే న్యూజెర్సీ రాష్ట్ర సెనేటునకు విన్నవించుకొనిరి. కావున ఓటమి మల్లుని అసమర్థతకు గాని, యజమాని ఆగ్రహమునకు గాని సాక్ష్యము కాదు. నాటకమున దుర్యోధనుడు తొడ విరిగి కూలినాడని, ఆ పాత్రధారిపై కంపెనీ యజమాని అలిగినాడందుమా?

2023 ఏప్రిల్‌లో రెసిల్‌మేనియా ప్రధాన పోటీయందు కోడీ రోడ్స్, రోమన్ రెయిన్స్ చేతిలో ఓడెను. అభిమానులెందరో నిరాశ చెందిరి. మరుసటి ఏట ఫిలడెల్ఫియాలో అదే వేదికపై కోడీయే గెలిచెను. 2015 నవంబరులో సెత్ రోలిన్స్ బెల్టును విడిచిపెట్టుటకు కారణము ఆగ్రహము కాదు, మోకాలి గాయము.

అట్లని యాజమాన్యము ఎన్నడును అలుగదని మా అభిప్రాయము కాదు. 1996 మే 19న న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నలుగురు మల్లులు, కథలోని వైరమును మరచి, జనుల యెదుటనే కౌగిలించుకొనిరి. వారిలో ఇద్దరు సంస్థను వీడిపోవుచుండిరి. ఒకడు నాటి ఛాంపియన్. శిక్ష మిగిలిన ట్రిపుల్ హెచ్‌పై పడెను. అతనికి ఉద్దేశించిన 'కింగ్ ఆఫ్ ది రింగ్' గెలుపు స్టీవ్ ఆస్టిన్‌కు దక్కెను. ఇది పాల్గొన్నవారే పిదప తమ పేరుతో చెప్పిన సంగతి. అయినను ఆ అక్టోబరులోనే ట్రిపుల్ హెచ్‌కు ఇంటర్‌కాంటినెంటల్ బెల్టు లభించెను. 1997లో ఆ 'కింగ్' బిరుదమును వచ్చెను. 2022లో కథలను నిర్ణయించు అధికారము అతని చేతికే వచ్చినది! నిజమైన ఆగ్రహమే అయిదు నెలలలో చల్లారినప్పుడు, ఒక్క రాత్రి ఓటమిని బట్టి ఒకని భవిష్యత్తును తేల్చుట తగునా?

నిప్పు లేనిదే పొగ రాదందురు. కాని రంగస్థలముపై పొగను యంత్రముతోను పుట్టింతురు. యజమానికిని మల్లునికిని వైరమనుట ఒక్కొక్కప్పుడు కథలోని భాగమే. కావున వదంతి విన్నప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. చెప్పినవాడు పేరు చెప్పుకొన్నాడా? గాయము, కథ, సెలవు వంటి సామాన్య కారణమేదైనను కలదా? ఆ మల్లుడు గెలిచినను ఓడినను "మేము చెప్పలేదా?" అనుటకు వీలుగా ఆ మాట అల్లబడినదా? ఎన్నడును తప్పు కాజాలని జోస్యము జోస్యమే కాదు.

ఇది కేవలము కాలక్షేపపు మాట కాదు. ఆ సంస్థ మల్లులను ఉద్యోగులుగా గాక స్వతంత్ర కాంట్రాక్టుదారులుగా పరిగణించును. వారికి పేరే పెట్టుబడి. ఆధారము లేని ఒక్క 'అట' శరీరమును పణముగా పెట్టి బ్రతుకువాని పేరును చెరుపగలదు. చెవిని పడినదానిని నోటికి రానిచ్చుటకు ముందు కొంతకాలము వేచియుండుటయే వివేకము.